కందిగింజంత అంచు

మా కోడలు శని, ఆదివారాల్లో బొంత కుడుతోంది. నేను బొంత అంటే నవ్వి, దానికి ఇంగ్లీషులో ఇంకో పేరుందని చెబుతుంది. వారమంతా ఆఫీసులో తెర ముందు కూర్చుని, చేతులతో ఏదైనా చేయాలనిపించి చిన్న కరెంటు మిషను కొనుక్కుంది. మొన్న ఆదివారం కుట్టిన వరుసలన్నీ హాల్లో నేలమీద పరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఒక వరుస పొడుగు, ఒక వరుస పొట్టి. ముక్కలు కొలిచే కత్తిరించానని, అయినా మూలలు కలవడం లేదని దిగులుపడింది.

నేను కళ్లద్దాలు పెట్టుకుని ఒక వరుస తిరగేసి చూశాను. తప్పు కత్తిరింపులో లేదు. కుట్టుకు అవతల విడిచే అంచులో ఉంది. కొన్నిచోట్ల పావు అంగుళం, కొన్నిచోట్ల దానికి దారమంత ఎక్కువ. దారమంతే కదా మామయ్యా అంది. ప్రతి కుట్టుకూ అంత పోతే చివరికి వరుసే పొట్టిదవుతుందమ్మా అన్నాను. ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది. మా అమ్మ దగ్గర అని చెప్పి ఊరుకున్నాను. ఆ తర్వాత చెప్పవలసింది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మేముంటున్న పద్నాలుగో అంతస్తు నుంచి చూస్తే ఎటు చూసినా అద్దాల మేడలే. నా చిన్నప్పుడు ఇక్కడ రాళ్ల గుట్టలుండేవి. గుట్టల సందుల్లో సీతాఫలం చెట్లు. పచ్చికాయలు తెంపి, రాళ్ల మధ్య చితుకులు అంటించి కాల్చుకు తినేవాళ్లం. పొగ వాసన, తీపి కలిసిన ఆ రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు. హైదరాబాదు పక్కన, నార్సింగికి ఈవల యాభై ఇళ్ల ఊరు మాది. మాది మేరోళ్ల ఇల్లు, అంటే ఊరికి బట్టలు కుట్టే ఇల్లు. నాన్న పట్నంలో ఒక బట్టల దుకాణం అరుగు మీద మిషను పెట్టుకుని కుట్టేవాడు. వారానికోసారి కత్తిరింపుల మూట భుజాన వేసుకుని వచ్చేవాడు. మూట విప్పితే కొత్తబట్ట గంజివాసన, మిషను నూనె వాసన, నాన్న బీడీ వాసన కలిసి గుప్పున వచ్చేవి.

ఇంట్లో ఉన్న పాత కాలుమిషను అమ్మది. రవికలు, లంగాలు కుట్టేది. కత్తిరింపులతో బొంతలు కుట్టేది. ఊళ్లో ఏ ఇంట్లో కానుపు దగ్గరపడినా మా ఇంటికి పాతచీరలు వచ్చేవి. పసిబిడ్డ ఒంటికి కట్టి కట్టి మెత్తబడిన బట్టే తగలాలని పెద్దవాళ్ల పట్టింపు. పైన రంగురంగుల ముక్కల వరుసలు, కింద పాతచీర, మధ్యలో ఇంకో చీర మడత. ముక్కల్ని జతచేయడంలోనే ఉంది పనంతా. మిషను పలక మీద సూదికి కుడిపక్కన నాన్న ఒక లక్క ముక్క అంటించి పెట్టాడు. బట్ట అంచును ఆ లక్కకు ఆనించి నడిపిస్తే కుట్టు సరిగ్గా పావు అంగుళం లోపల పడుతుంది. వడ్రంగుల లెక్కలో రెండు నూళ్లు. అమ్మకు అంగుళాలూ నూళ్లూ పట్టవు. కందిగింజంత అనేది. అంతకు మించితే ముక్క చిన్నదవుతుంది, తగ్గితే కుట్టు జారుతుంది. ఆ లక్కను మా ఇంట్లో ఎవరూ మళ్లీ కొలిచిచూసేవారు కాదు. దాన్ని అనుమానించడమంటే నాన్నను అనుమానించినట్టే.

తెలంగాణ కావాలని మొదటిసారి పట్నమంతా కదిలిన ఏడు అది. బడులు మూతపడ్డాయి. మా ఊరి బడి కూడా మూసేశారు. కర్ఫ్యూ పెట్టినప్పుడల్లా నాన్న పట్నంలోనే చిక్కుకుపోయేవాడు. మా పెదనాన్న కొడుకు, నాకు అన్న వరస, పెద్ద చదువు చదివి ఉద్యోగం లేక ఉన్నవాడు, ఊరేగింపులో లాఠీదెబ్బ తిని తలకు కట్టుతో వచ్చాడు. అరుగు మీద కూర్చుని, మన ఉద్యోగాలు మనకు రావాలని చెబుతుంటే మేం పిల్లలం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. అతని బాధ నిజమైనది. అది ముందే చెప్పాలి. ఎందుకంటే ఆ బాధను నేను వాడుకున్న తీరు వేరు.

మా ఇంటికి రెండిళ్ల అవతల లెక్కల సారు కిరాయికి ఉండేవాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. ఆయనకు నా ఈడు కూతురు. పదమూడేళ్లుంటాయి. ఆ పిల్ల తర్వాత అన్నేళ్లకు వాళ్లమ్మ మళ్లీ నీళ్లు పోసుకుంది. ఒకరోజు ఆ పిల్ల రెండు పాతచీరలు పట్టుకుని మా గడపలో నిలబడింది. అమ్మ చీరలు అందుకోబోతే ఇవ్వలేదు. పుట్టబోయే బిడ్డకు బొంత తనే కుడుతుందట, నేర్పమని అడిగింది. పిన్నిగారూ, నేర్పుతారాండీ అని ఎంతో మర్యాదగా. మా అమ్మను గారు అన్నవాళ్లు అంతకుముందు లేరు. అమ్మ ఆ పిల్లకు స్టూలు జరిపింది.

ఆ స్టూలు నాది కావాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక. అంతకు ముందటి ఏడు అమ్మకు చెప్పకుండా ఒక దిండుగలీబు కుట్టాను. అమ్మ దాన్ని రెండువైపులా తిప్పిచూసి, ఏమీ అనకుండా కుట్లన్నీ విప్పి, బట్ట మడిచి పెట్టేసింది. తిట్టినా బాగుండేది. కత్తెర ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటిది, వచ్చిన నాలుగోరోజుకే ఆ పిల్ల చేతిలో అమ్మ కత్తెర ఉంది.

నేను గడపలో కూర్చుని చూస్తుండేవాణ్ని. ఆ పిల్ల నాలుక పంటి మధ్య పెట్టుకుని, బట్టను లక్కకు ఆనించి, మెల్లగా కాలు ఆడించేది. తొందర లేదు. కుట్టిన జతను గోటితో గీరి మడత విప్పేది. మొదటి వరుసలో పది ముక్కలు. అమ్మ టేపు పెట్టి కొలిచింది. మళ్లీ కొలిచింది. తర్వాత ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నీది నిలకడ చెయ్యి బిడ్డా," అంది. "గిసుంటి చెయ్యి మా ఇంట్ల కూడ లేదు."

ఆ మాటకు ఆ పిల్ల ముఖం వెలిగిపోవడం చూశాను. మా ఇంట్ల కూడ అన్నదాంట్లో నేనున్నానని నాకు తెలుసు. లేచి వాకిట్లోకి పోయాను. అప్పుడు నాకు కలిగినదాని పేరు ఇన్నేళ్ల తర్వాత చెప్పడానికి వెనకాడను. అసూయ.

దాని తర్వాత ఆ పిల్ల చేసిందల్లా నాకు తప్పుగానే కనిపించింది. ఒకసారి వాళ్లమ్మ చేసిన దిబ్బరొట్టె తెచ్చింది. కింద ఎర్రగా కాలి, లోపల మెత్తగా, ఇడ్లీ పిండి వాసనతో. అమ్మ దాన్ని పచ్చిపులుసులో ముంచుకు తిని, మీ అమ్మ చెయ్యి కూడ మంచిదే అంది. నా వాటా నేను తిననని చెప్పి, కుక్కకు వేస్తానని పెరట్లోకి తీసుకుపోయాను. కుక్కకు వేశాను. కాని సగం నేను తిన్న తర్వాత వేశాను. అంత బాగుంది. అందుకు కూడా కోపం వచ్చింది.

ఇంకోరోజు అన్న మాటలు అరువు తెచ్చుకుని ఆ పిల్ల మీద ప్రయోగించాను. మీరు పోతే మా ఉద్యోగాలు మాకొస్తయి అన్నాను. ఆ పిల్ల సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"మా నాన్నగారి ఉద్యోగం నువ్వు చేస్తావా? పదమూడో ఎక్కం రాదు కదా నీకు."

అమ్మ నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆ పిల్ల అన్నదానికన్నా అమ్మ నవ్వు నన్ను ఎక్కువ కోసింది. నాకు పదమూడో ఎక్కం నిజంగానే రాదు.

బొంత పది వరుసలది. ఆరు వరుసలు అయ్యాయి. ఆ రోజుల్లోనే పట్నంలో గొడవలు ముదిరాయని, కోస్తా ఉద్యోగులు కొందరు సెలవు పెట్టి వెళ్లిపోతున్నారని వార్తలు వచ్చాయి. మా ఊళ్లో సారును ఎవరూ ఒక్క మాట అనలేదు. మా పెదనాన్నే స్వయంగా వాళ్లింటికి వెళ్లి, మీరు జర కూడ పరేషాన్ కావద్దు సారూ అని చెప్పి వచ్చాడు. కాని నిండు గర్భిణిని పెట్టుకుని సారుకు ధైర్యం చాలలేదు. వచ్చే వారపు అంగడి రోజుకు బయల్దేరుతున్నామన్నాడు. ఇంకా అయిదు రోజులు. ఆ లోపల బొంత పూర్తిచేస్తానని ఆ పిల్ల పట్టుపట్టింది. పుట్టే బిడ్డను ముందు దానిమీదే పడుకోబెడతామని వాళ్లమ్మ మాట ఇచ్చిందట.

వెళ్లిపోతున్నారంటే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. వెళ్లేముందు ఆ పిల్ల పదోవరుస కుట్టి, అమ్మ చేత ఇంకోసారి ఆ మాట అనిపించుకుని వెళుతుంది. తర్వాత నేను ఏం కుట్టినా ఆ చేతితోనే పోల్చిచూస్తుంది అమ్మ. నా ఆలోచన అలా నడిచింది.

ఆ మధ్యాహ్నం అమ్మ బావికి పోయింది. పొయ్యిలో నిప్పులింకా ఉన్నాయి. ఒక మేకు తీసుకుని నిప్పుల్లో పెట్టాను. కొంచెం వేడెక్కాక లక్క అంచుకు ఆనించాను. లక్క మెత్తబడింది. బొటనవేలితో దాన్ని సూదికి దూరంగా నెట్టాను. అర నూలు. చూస్తే కనిపించదు. కుట్టు రెండు ముక్కల్నీ తింటుంది కనుక ఒక్కో కుట్టుకు నూలు పోతుంది. వరుసకు తొమ్మిది కుట్లు. పదమూడో ఎక్కం రానివాణ్ని, ఈ లెక్క మాత్రం తప్పకుండా వేశాను.

రెండు రోజుల్లో మిగతా నాలుగు వరుసలు అయ్యాయి. తొందరలో ఆ పిల్ల విడివిడిగా కొలవలేదు. మూడోరోజు వరుసలన్నీ కలిపి జతచేద్దామని పరిచారు. ఆరు వరుసలు ఒక పొడుగు, నాలుగు వరుసలు వాటికి అంగుళం పైన పొట్టి. ఒక్క మూలా కలవలేదు. ఆ పిల్ల వంగి వరుసల్ని లాగి చూసింది, బట్ట సాగుతుందేమోనన్నట్టు. అమ్మ ముక్కలు కొలిచింది. కత్తిరింపు సరిగానే ఉంది. అయితే కుట్టేటప్పుడు లక్కకు ఆనించలేదన్నమాట. ఆనించానండి అంది ఆ పిల్ల. తొందరపడి ఉంటవులే, ఇప్పి మళ్ల కుట్టు అంది అమ్మ.

ఆ పిల్ల సాయంత్రందాకా కుట్లు విప్పింది. పిన్నుతో ఒక్కో పోగూ ఎత్తి, బట్ట చినగకుండా. నేను అప్పుడైనా లక్కను వెనక్కి నెట్టి ఉండవచ్చు. వాళ్లిద్దరూ పెరట్లో కూర్చుని విప్పుతున్నంతసేపూ మిషను దగ్గర ఎవరూ లేరు. నేనున్నాను. లక్కను చూస్తూ నిలబడ్డాను. ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున ఆ పిల్ల మళ్లీ కుట్టింది. ఈసారి అమ్మ పక్కనే కూర్చుంది. నాలుక పంటి మధ్య లేదు. పెదవులు బిగించి ఉన్నాయి. ఒక వరుస కుట్టి పక్కన పెట్టి కొలిచారు. మళ్లీ అంతే పొట్టి. అమ్మ ముఖంలో విసుగు కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది. తన అంచనా తప్పడం ఆమెకు అలవాటు లేదు.

"నీ మనసు గీడ లేదు బిడ్డా," అంది. "చెయ్యి నిలకడ తప్పింది. ఇగ ఇడిచిపెట్టు."

గట్టిగా కూడా అనలేదు. ఆ పిల్ల తలూపి, వరుసలూ విడి ముక్కలూ ఒకదానిమీద ఒకటి పెట్టి మడిచి స్టూలు మీద ఉంచి వెళ్లిపోయింది.

అంగడి రోజు పొద్దున సామాను బండిలోకి ఎక్కిస్తుండగా మళ్లీ వచ్చింది. అమ్మ రొట్టెలు చేస్తోంది. అప్పటికప్పుడు లేచి, తను ఎప్పుడో కుట్టి దాచిన ఒక బొంత తీసి చేతిలో పెట్టింది. ఆ పిల్ల దాన్ని గుండెకు ఆనించి పట్టుకుని అంది.

"అంత ఓపిగ్గా నేర్పారండి. నా చెయ్యే మంచిది కాదు. ఏమనుకోకండి పిన్నిగారూ."

అమ్మ ఆ పిల్ల తల నిమిరింది. నేను మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నాకు కావలసిన చోటు అదే. ఆ పిల్ల నావైపు కూడా చూసి, వెళ్లొస్తానంది. నేను మిషను చక్రం తిప్పుతూ కూర్చున్నాను.

వారం తిరక్కుండానే పటేలమ్మ తన కొత్త రవిక పట్టుకుని మా ఇంటికొచ్చింది. చేతులు పట్టడం లేదు, ఊపిరాడడం లేదు, నేనేమన్న బలిసిన్నా చెప్పు అని అమ్మను నిలదీసింది. అమ్మ కుట్టిన రవిక బిగుతైందని ఎవరైనా అనడం అదే మొదటిసారి. అమ్మ రవిక తిరగేసి చూసింది. టేపు తెచ్చింది. రవిక కుట్టు కొలిచింది. ఆ తర్వాత మిషను దగ్గరికి వెళ్లి, వంగి, సూదికీ లక్కకూ మధ్య టేపు పెట్టింది. లక్క మీద నా బొటనవేలి గుర్తు ఉందేమో, నాకు తెలియదు.

పటేలమ్మ వెళ్లాక అడిగింది. నేను జరిపానని చెప్పాను. అబద్ధం ఆడేందుకు కూడా చోటు లేదు, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. కొడుతుందనుకుని గోడకు ఆనుకున్నాను. కొట్టలేదు. స్టూలు మీద కూలబడింది.

"ఆ పిల్ల నన్ను మాఫీ అడిగి పోయిందిరా," అంది. "నేను అడిగిచ్చుకున్న."

ఆ రోజే, ఆ పిల్ల రెండోసారి కుట్టిన వరుసను నా చేత విప్పించింది. లక్కను సరిచేసింది. స్టూలు మీద కూర్చోమంది. నాలుగు వరుసలూ నేను కుట్టాను. వెనక నిలబడి చూసింది. ఒక్క జత కూడా తప్పు పోలేదు. మూలలన్నీ కలిశాయి. బాగుందనలేదు, బాగాలేదనలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. బడి పెద్దసారు దగ్గర లెక్కల సారు ఊరి అడ్రసు ఉంది. బొంత పూర్తయ్యాక గుడ్డలో చుట్టి పార్సిలు కట్టాం. దాంతోపాటు ఉత్తరం రాయమంది. అమ్మకు చదువు రాదు.

చెబుతుంటే రాశాను. బొంత నువ్వు కుట్టిందే బిడ్డా, తప్పు నీది కాదు, నీది నిలకడ చెయ్యే. అంతవరకు అక్షరం తప్పకుండా రాశాను. నా కొడుకు ఓర్వలేక లక్క జరిపిండు, వాని దిక్కుకెల్లి నేను మాఫీ అడుగుతున్న, అని చెప్పింది. నా కలం ఆగింది. ఆ పిల్ల చదువుతుంది. లెక్కల సారు చదువుతాడు. బడి తెరిచాక ఆయన తిరిగి వస్తే నేను ఆయన ముందు ఏ ముఖంతో కూర్చోవాలి? లక్క ఎండకు మెత్తబడి జారింది, మేము చూసుకోలేదు, అని రాశాను. రాసినవా అంది అమ్మ. రాసిన అన్నాను. కింద వేలిముద్ర వేసింది.

సారు తిరిగి రాలేదు. రెండు నెలలకు ఒక కార్డు వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు. అమ్మ రొట్టె పిండి పిసుకుతూ, చదవమంది. నేను చదివాను. తమ్ముడు పుట్టాడు. బొంత అందింది. ఇప్పుడు వాడు దానిమీదే పడుకుని ఉన్నాడు. అంతవరకు పైకి చదివాను. మిగతా నాలుగు వాక్యాలు కళ్లతో చదువుకున్నాను.

మూలలన్నీ ఎంత బాగా కలిశాయండీ, ఆ నాలుగు వరుసలూ మీరే మళ్లీ కుట్టి ఉంటారు. నా మనసు నొచ్చుకోకూడదనే లక్క జారిందని రాశారు, మీరు చాలా మంచివారు. లక్క తనంతట తాను జరగదు కదా పిన్నిగారూ. నేను మళ్లీ మిషను ముట్టుకోనని అమ్మకు చెప్పేశాను.

అమ్మ పిండిచేతులతో నావైపు తిరిగి, ఇంకేం రాసిందిరా అని అడిగింది. అందరు మంచిగున్నరట అని చెప్పాను.

ఆ తర్వాత నేనూ దర్జీనే అయ్యాను. ముప్పై ఏళ్లు కుట్టాను. ఆ నాలుగు వాక్యాలకు జవాబుగా నాలుగు మాటలు రాయడానికి ఎంత సమయం దొరికిందో లెక్కపెట్టుకుంటే సిగ్గేస్తుంది. అడ్రసు నా దగ్గర చాలాకాలం ఉంది. అన్న కోరుకున్న తెలంగాణ అతను పోయాక వచ్చింది. ఊళ్లు పోయి మేడలు వచ్చాయి. ఎప్పుడో ఒకరోజు రాద్దామని నేను అనుకుంటూనే ఉన్నాను.

అమ్మ బతికినన్నాళ్లూ, ఎవరి బొంతలోనైనా మూలలు చక్కగా కలిస్తే, సారు బిడ్డ గుర్తుకొచ్చేది ఆమెకు. ఆ పిల్ల యాడున్నదో గాని, ఈపాటికి ఎంతమంది పిల్లలకు కుట్టిచ్చిందో అనేది.